యాంటీబయాటిక్ సూది తర్వాత మూత్రం నల్లబడితే ఏం చేయాలి

మా పెద్దమ్మది పొదిలి పక్కన పల్లె. మిరప కోతల రోజుల్లో జ్వరం పట్టుకుంటే ఊళ్ళోనే సూదులు వేయించుకుంది, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మూడో రోజుకు జ్వరం దిగింది. ఐదో రోజు పొద్దున మూత్రం చింతపండు పులుసు రంగులో పోయింది. కొడుక్కి చెప్పడానికి సిగ్గుపడి మధ్యాహ్నం దాకా ఊరుకుని, చివరికి కోడలితో చెప్పింది. కోడలు కళ్ళు చూసింది, పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లే అనుకుని పసరు మందు కోసం పక్క ఊరికి పోయారు. అట్లా ఒక రోజంతా పోయింది. మర్నాడు ఒంగోలు ఆస్పత్రికి తెచ్చేసరికి మనిషి మంచం దిగలేకపోతోంది, హిమోగ్లోబిన్ 5.2. అక్కడ డాక్టరు అడిగిన మొదటి మాట, "ఏం సూది వేశారమ్మా?" అని. ఇంట్లో ఒక్కరికీ తెలీదు. చీటీ లేదు, సీసా లేదు, "జ్వరం సూది" అంతే.

నేను నెల్లూరులో బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. ఫోన్ చేస్తే నేనూ అదే అడిగాను. మా అన్న బండేసుకుని మళ్ళీ ఊరికి పోయి, సూది వేసిన చోట వెనకాల సంచిలో దూది కింద నాలుగు ఖాళీ సీసాలు వెతికి తెచ్చాడు. లేబుల్ మీద సెఫ్ట్రియాక్సోన్, 1 గ్రాము అని ఉంది, అది ఒక యాంటీబయాటిక్. సూదులున్న చెత్తలో చేయి పెట్టడమంటే కొత్త జబ్బును ఇంటికి తెచ్చుకోవడమే. ఇంకెవరికీ ఆ అవసరం రాకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు జబ్బు సంగతి. మన ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. కొందరి ఒంట్లో ఒక మందు పడ్డాక, ఆ మందును పట్టుకోవడానికి పుట్టిన యాంటీబాడీలు ఎర్రకణాల మీదికే తిరుగుతాయి. పెన్సిలిన్ లాంటిది కణం పైపొరకు అంటుకుపోతుంది, యాంటీబాడీ వచ్చి ఆ మందుతో పాటు కణాన్నీ పట్టుకుంటుంది, అట్లా గుర్తు పడిన కణాలను ప్లీహం అనే అవయవం మింగేస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ విషయంలో ఇంకా వేగం ఎక్కువ. కణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. లోపలున్న హిమోగ్లోబిన్ బయటపడి మూత్రంలోకి దిగుతుంది, దాని రంగే పెద్దమ్మ చూసింది. దీన్ని డాక్టర్లు ఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా అంటారు. మనం రక్తం విరిగిపోవడం అనుకుందాం.

ఇది చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. కాబట్టి దీన్ని చదివి యాంటీబయాటిక్ అంటేనే భయపడి, నిమోనియాకో టైఫాయిడ్‌కో డాక్టరు రాసిన మందు మానేస్తే దానివల్లే ఎక్కువ నష్టం. మందు వేసుకోండి. వేసుకునేటప్పుడు దాని పేరు తెలుసుకోండి, వేసుకున్నాక ఒళ్ళు గమనించుకోండి.

సూది పడకముందు

అసలు అవసరమా అని అడగండి. జలుబు, మామూలు దగ్గు, డెంగీ, ఇవన్నీ వైరస్ జబ్బులు, వీటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మన పల్లెల్లో సూది వేయకుండా పంపిస్తే "ఆయనకేం తెలీదు" అని ఇంకో చోటికి పోతాం. తొందరగా తగ్గాలని మనమే సూది అడిగి వేయించుకుంటున్నాం. డాక్టరు మాత్ర చాలన్నారంటే చాలు.

అవసరమే అన్నప్పుడు పేరు రాయించుకోండి. మాటల్లో చెబితే ఇల్లు చేరేసరికి మరిచిపోతాం. "అన్నా, ఇప్పుడేసిన మందు పేరు కాగితం మీద రాసియ్యన్నా" అంటే చాలు. రాయడానికి మొహమాటపడితే సీసా లేబుల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పైన పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు పదిరకాలుగా ఉంటుంది, దాని కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు ఫొటోలో పడాలి. మందుల షాపులో కొన్నా ఇదే పద్ధతి. యాంటీబయాటిక్ అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది, చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. సెఫ్ట్రియాక్సోన్ లాంటివి 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల జాబితా కింద ఉన్నాయి. ఎవరు రాశారు, ఎవరికి, ఎంత ఇచ్చారు అన్నది షాపువాళ్ళు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. అంటే పేరు రాసిపెట్టమని చట్టమే చెబుతోంది, మీరు అడగడంలో తప్పేం లేదు.

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువు చేసే ఏ ఇంట్లో చూసినా ఒక నోటుబుక్కు ఉంటుంది. సీడు ఎప్పుడు వదిలారు, మేత ఎన్ని కిలోలు, ఏ మందు ఏ తేదీన కొట్టారు, అన్నీ అందులో ఉంటాయి. రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషం దొరికితే విదేశాల నుంచి కంటైనరే వెనక్కి వస్తుందని వాళ్ళకు బాగా తెలుసు. ఆ బుక్కులోనే చివర నాలుగు పేజీలు ఇంట్లోవాళ్ళకు కేటాయించండి. మనిషికో పేజీ. తేదీ, జబ్బు, మందు పేరు, ఎన్ని రోజులు, ఏమైనా తేడా చేసిందా. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇక్కడ రెండు అపోహలు పోవాలి. ఒకటి, "పోయినసారి ఇదే మందు వేశారు, ఏమీ కాలేదు కదా" అనేది. ఈ జబ్బులో చాలామందికి ఆ మందు అంతకుముందు పడే ఉంటుంది. మొదటిసారి ఒళ్ళు ఆ మందును గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత మళ్ళీ పడినప్పుడు తిరగబడుతుంది. పెద్దమ్మకు కూడా అంతకుముందు ఏడాది జ్వరానికి ఇలాంటి సూదులే వేశారట, ఆ సంగతి తర్వాత బయటపడింది. రెండోది, "టెస్ట్ డోసు వేసి చూశారు, ఏమీ కాలేదు" అనేది. చేతి మీద చిన్న పొక్కులా వేసి చూసేది దద్దుర్లు, ఆయాసం లాంటి వెంటనే వచ్చే అలర్జీ కోసం. రక్తం విరిగిపోవడాన్ని ఆ పరీక్ష పట్టుకోలేదు.

మందు వాడుతున్న రోజుల్లో

పెద్దవాళ్ళలో ఇది ఎక్కువగా మందు మొదలెట్టిన కొన్ని రోజుల్లో కనబడుతుంది. పిల్లల్లో మాత్రం, ముఖ్యంగా సెఫ్ట్రియాక్సోన్‌తో, సూది పడిన నిమిషాల్లో, గంటల్లోనే ముంచుకు రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే పిల్లకు సూది వేయించిన వెంటనే బండెక్కి వెళ్ళిపోకండి. కాసేపు అక్కడే కూర్చోండి. పిల్ల ఉన్నట్టుండి తెల్లగా పాలిపోయినా, నడుము నొప్పో కడుపు నొప్పో అని ఏడ్చినా, మగతగా వాలిపోయినా వెంటనే పిలవండి.

ఇంట్లో రోజూ చూడాల్సింది మూత్రం. బాత్రూంలో నీళ్ళు పోశాక రంగు తెలియదు. ఖాళీ నీళ్ళ బాటిల్లో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. సిగ్గుపడే పెద్దవాళ్ళకు బాటిల్ ఇచ్చి, మనం అడగకుండానే చూపించమని ముందే చెప్పిపెట్టండి. మా ఇంట్లో ఒక పూట పోయింది ఆ సిగ్గు వల్లే.

రంగుల తేడా చెబుతాను, ఇది రోజూ మా ల్యాబులో చూసేదే. ఎండల్లో నీళ్ళు తక్కువ తాగితే ముదురు పసుపు, రెండు చెంబుల నీళ్ళు తాగి చూస్తే పల్చబడుతుంది. బీకాంప్లెక్స్ మాత్రకు మెరిసే పసుపు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే మొదటి రోజు నుంచీ నారింజ రంగు, చెమట, కన్నీళ్ళు కూడా ఆ రంగే, అది మామూలే, భయం లేదు. లివరు కామెర్లలో ఆవనూనె లాంటి చిక్కటి పసుపు. రక్తం విరిగిపోతున్నప్పుడు మాత్రం ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఇంకా ముదిరితే కాఫీ డికాషన్, నల్ల కూల్‌డ్రింకు రంగు. నీళ్ళు తాగినంత మాత్రాన అది పోదు.

దాంతో పాటు కింది రెప్ప లాగి లోపల ఎరుపు ఉందో లేదో చూడండి. అరచేతి గీతలు తెల్లబడ్డాయా చూడండి. కన్ను పచ్చబడి, అదే సమయంలో మనిషి తెల్లగా పాలిపోతే అది ఉత్త కామెర్లు కాకపోవచ్చు. నిన్న నడిచిన దూరం ఈరోజు ఆయాసపడుతూ నడిస్తే, గుండె దడదడలాడితే, నడుము వెనక నొప్పి పుడితే, తగ్గిన జ్వరం చలితో మళ్ళీ వస్తే, ఇవన్నీ లెక్కలోకి తీసుకోండి. అందరికీ మూత్రం నల్లబడదు. పెన్సిలిన్ రకంలో కణాలు నిదానంగా పోతాయి కాబట్టి నీరసం, పాలిపోవడం మాత్రమే కనబడవచ్చు.

ఏ మందుల విషయంలో ఎక్కువ జాగ్రత్త అంటే, ఎక్కువ కేసులు సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్ కుటుంబం వల్ల, అందులో సెఫ్ట్రియాక్సోన్ ముందుంటుంది. పెద్దాస్పత్రుల్లో ఎక్కించే పిపరాసిలిన్, పెద్ద మోతాదులో రోజుల తరబడి ఇచ్చే పెన్సిలిన్, సల్ఫా మందులు, లీవోఫ్లాక్ససిన్, ఆపి ఆపి వాడిన రిఫాంపిసిన్ కూడా ఉన్నాయి. యాంటీబయాటిక్ కాకపోయినా, నొప్పులకు వేసే డైక్లోఫినాక్‌తోనూ ఇది వస్తుంది. జ్వరం సూది, నొప్పుల సూది కలిపి వేసే అలవాటు మన దగ్గర ఉంది కనుక రెండు పేర్లూ రాసుకోవాలి.

అనుమానం వచ్చిన పూట

తర్వాతి డోసు పడనివ్వకండి. మందు రాసిన డాక్టరుకు ఆ నిమిషమే ఫోన్ చేసి, "మూత్రం నల్లగా పోతోంది, కళ్ళు పచ్చబడ్డాయి, సూది ఆపమంటారా" అని అడగండి. దొరకకపోతే తర్వాతి సూదికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. టీబీ మందులైతే సొంతంగా మానేసి ఇంట్లో కూర్చోకండి, అదే రోజు టీబీ సెంటరుకో ఆస్పత్రికో పోయి చూపించండి.

మెడికల్ షాపుకు పోయి "ఇది పడలేదు, ఇంకోటియ్యి" అనకండి. ఇంకోటి అదే కుటుంబం మందు, అంటే అదే రకానికి చెందినది కావచ్చు.

పసరు తాగించకండి, వాతలు పెట్టించకండి. రక్తం విరిగిపోతున్న మనిషికి ఒక్కో గంటా విలువైనదే. పసరు వల్ల లివరుకు కొత్త చిక్కు వస్తే, ఆ పచ్చదనం ఎందుకొచ్చిందో తేల్చడం డాక్టరుకు రెండింతలు కష్టం.

బ్లడ్ బ్యాంకు ఉన్న ఆస్పత్రికే పోండి. నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులున్నాయి. ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది ఉన్నా సొంత బండి మీద కూర్చోబెట్టకుండా 108కి ఫోన్ చేయండి. చెన్నైకో వేలూరుకో పోవాలని మనకు మొదట అనిపిస్తుంది. హిమోగ్లోబిన్ పడిపోతున్న మనిషిని అంత దూరం కూర్చోబెట్టి తీసుకుపోవడం కన్నా, దగ్గర్లో మందు ఆపి, పరీక్ష చేసి, అవసరమైతే రక్తం ఎక్కించాక పోవడం క్షేమం.

చేతిలో ఉండాల్సినవి: ఖాళీ సీసాలు లేదా వాటి ఫొటోలు, మాత్రల అట్టలు, చీటీలు, పాత రిపోర్టుల్లో హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించే కాగితం ఒక్కటైనా. పోయిన నెల 11 ఉన్నది ఇప్పుడు 6 అంటే డాక్టరు ఒక రకంగా ఆలోచిస్తారు, ఎప్పుడూ 6 ఉండే మనిషైతే ఇంకో రకంగా ఆలోచిస్తారు.

ఆస్పత్రిలో

మీరు చెప్పాల్సిన వాక్యం ఒకటుంది, దాన్ని ముందే మనసులో అనుకోండి: "ఫలానా తేదీన ఫలానా యాంటీబయాటిక్ మొదలెట్టారు, ఇన్ని డోసులు పడ్డాయి, ఇన్నో రోజున మూత్రం రంగు మారింది." ఈ వరస తెలిస్తే సగం దారి పడినట్టే. ఎందుకంటే మన జిల్లాల్లో జ్వరమూ కామెర్లూ కలిసి వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. మడిలో, మురుగునీళ్ళలో పనిచేసేవాళ్ళకు లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మలేరియాలోనూ రక్తం తగ్గుతుంది. మందు సంగతి ఎవరూ చెప్పకపోతే డాక్టరు ముందు వాటినే వెతుకుతారు, మందేమో పడుతూనే ఉంటుంది.

పరీక్షల్లో సీబీసీ (రక్తకణాల లెక్క), రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్రకణాల లెక్క), ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే బయటపడే ఎంజైము), బిలిరుబిన్ (కామెర్ల పసుపు పదార్థం), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్ర పరీక్ష, రక్తం స్మియర్ (గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూడడం) ఉంటాయి. రక్తం విరుగుతుంటే ఎల్‌డీహెచ్ పెరుగుతుంది, బిలిరుబిన్‌లో ఇన్‌డైరెక్ట్ అనే భాగం ఎక్కువగా ఉంటుంది. మూత్రంలో ఒక విచిత్రం కనబడుతుంది. పరీక్ష పట్టీ ముంచితే రక్తం ఉందని చూపిస్తుంది, మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాలు ఉండవు. కణం లేకుండా హిమోగ్లోబిన్ ఒక్కటే దిగింది కాబట్టి అట్లా.

అసలు ముడి విప్పేది డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష, డీఏటీ అని కూడా రాస్తారు. ఎర్రకణాల మీద యాంటీబాడీ అంటుకుని ఉందా అని చూసేది ఇదే. డాక్టరును "కూంబ్స్ పంపించారా సార్" అని మర్యాదగా అడగండి, అడగడం తప్పు కాదు. ఊదారంగు మూత ట్యూబులో కొద్దిగా రక్తం చాలు. 1945లో కూంబ్స్, మౌరంట్, రేస్ అనే ముగ్గురు దీన్ని ప్రచురించారు. ఇన్నేళ్ళయినా మేము చేసే పని దాదాపు అదే. ఎర్రకణాలను సెలైన్‌తో మూడు నాలుగు సార్లు కడుగుతాం. సరిగ్గా కడగకపోతే ప్లాస్మాలో మిగిలిన యాంటీబాడీ మా రసాయనాన్ని తినేసి, ఉన్న జబ్బు లేదని చూపిస్తుంది. కడిగిన కణాల మీద యాంటీ హ్యూమన్ గ్లోబులిన్ అనే ఆ రసాయనం చుక్కలు వేసి, ట్యూబు తిప్పి, వెలుతురులో మెల్లగా వంచుతాం. కణాలు కుంకుమ నీళ్ళలా సాఫీగా విడిపోతే నెగెటివ్. పొడిపొడిగా, ముద్దలుగా లేస్తే పాజిటివ్. నెగెటివ్ వచ్చిన ట్యూబులో చెక్ సెల్స్, అంటే ముందే యాంటీబాడీ అంటించిన కణాలు వేసి, పరీక్ష నిజంగా పనిచేసిందా అని మళ్ళీ చూస్తాం.

పెద్దమ్మ రక్తం ఇంకో ట్యూబులో నా దగ్గరికీ వచ్చింది. మామూలుగా తిప్పాక పైన తేలే ప్లాస్మా ఎండుగడ్డి రంగులో ఉంటుంది. అది రోజా రంగులో ఉంది. రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా దిగకపోయినా అట్లా అవుతుంది కనుక మళ్ళీ తీయించాను. మళ్ళీ అదే రంగు. కూంబ్స్ ట్యూబు వంచగానే ముద్దలు లేచాయి. చేయి వణికింది, దాచుకోను.

ఒక జాగ్రత్త. కూంబ్స్ పాజిటివ్ అన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, రక్తం విరగని మనిషిలోనూ పాజిటివ్ రావచ్చు. మందు పడిన తేదీలు, హిమోగ్లోబిన్ పడిన తీరు, ఈ ఫలితం మూడూ కలిపి డాక్టరు తేలుస్తారు. ఏ మందుకు యాంటీబాడీ అని కచ్చితంగా చూపే పరీక్ష ప్రత్యేక ల్యాబుల్లోనే జరుగుతుంది, దానికి రక్తంతో పాటు ఆ మందును కూడా పంపాలి. మళ్ళీ సీసా దగ్గరికే వచ్చాం చూడండి.

కూంబ్స్ నెగెటివ్ వచ్చి, రక్తం మాత్రం విరుగుతూ ఉంటే జీ6పీడీ లోపం, అంటే ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైము తక్కువగా ఉండడం గురించి అడగండి. అది పుట్టుకతో వచ్చేది, ఎక్కువగా మగపిల్లల్లో బయటపడుతుంది. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్, మూత్రంలో మంటకిచ్చే నైట్రోఫ్యురాంటోయిన్, డాప్సోన్ లాంటివి వాళ్ళకు పడవు. అది తేలితే అన్నదమ్ములకు, మేనమామలకు కూడా పరీక్ష చేయించాలి. మందుకు పుట్టిన యాంటీబాడీ సంగతి వేరు, అది వంశంలో దిగదు.

వైద్యం, రక్తం

వైద్యంలో పెద్ద భాగం ఆ మందు ఆపడమే. జ్వరం ఇంకా తగ్గకపోతే డాక్టరు వేరే కుటుంబం మందు పెడతారు. పగిలిన హిమోగ్లోబిన్ కిడ్నీలను దెబ్బతీయకుండా సెలైన్ పెట్టి, మూత్రం ఎంత పోతోందో కొలుస్తారు. ఆ కొలత మీరూ రాసి ఉంచండి, నర్సమ్మ మారినప్పుడు పనికొస్తుంది. ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. స్టెరాయిడ్ కొందరు డాక్టర్లు ఇస్తారు, అయితే నయమయ్యేది ప్రధానంగా మందు ఆపడం వల్లే.

రక్తం ఎక్కించాలని చెబితే వెనకాడకండి. "ఎక్కించిన రక్తం కూడా విరిగిపోతుందేమో" అని చాలామంది భయపడతారు. మందు ఒంట్లోంచి వెళ్ళిపోతే ఆ ప్రమాదం తగ్గిపోతుంది. దాత రక్తం రోగికి సరిపోతుందా అని చూసే క్రాస్ మ్యాచింగ్‌కు ఒక్కోసారి ఎక్కువ సేపు పడుతుంది, బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర గొడవ పడకండి. ఆ సమయంలో మేము సరిపోయే యూనిట్ కోసమే వెతుకుతుంటాం. ఇద్దరు ముగ్గురు దాతలను తెచ్చుకుంటే మేలు. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో చేరిన రోజే కౌంటరులో అడగండి.

పెద్దమ్మకు రెండు యూనిట్లు పట్టాయి. మూడో రోజుకు మూత్రం తేటపడింది. తొమ్మిదో రోజు ఇంటికి పోయింది. మందు ఆపితే మామూలుగా ఒకటి రెండు వారాల్లో కోలుకుంటారు.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి కాగితంలో మందు పేరు రాశారో లేదో గేటు దాటకముందే చూసుకోండి. "మందు వల్ల రక్తహీనత" అని మాత్రం ఉంటే వెనక్కి పోయి పేరు రాయించండి. ఆ కుటుంబంలో ఇంకేవి వాడకూడదో కూడా అడగండి. సెఫ్ట్రియాక్సోన్ పడని మనిషికి సెఫోటాక్సిమ్, సెఫిక్సిమ్ లాంటివి ఇవ్వొచ్చా లేదా అన్నది ఆ డాక్టరే చెప్పాలి.

ఈ సంగతిని ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కార్యక్రమానికి తెలియజేయండి. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, రోగి ఇంటివాళ్ళూ చెప్పొచ్చు. అరుదైన జబ్బులు ఇట్లా ఒక్కో మనిషి చెబితేనే లెక్కలోకి వస్తాయి.

తర్వాత కార్డు. ఆధార్ కార్డంత అట్టముక్క చాలు. పేరు, బ్లడ్ గ్రూపు, పడని మందు అసలు పేరు, తేదీ, "రక్తం విరిగింది, కూంబ్స్ పాజిటివ్, మళ్ళీ ఇవ్వకూడదు" అనే మాట. మందు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాయించండి, ఊరు దాటితే అదే అక్కరకొస్తుంది. లామినేషన్ చేయించి ఒకటి మనిషి దగ్గర, ఒకటి ఇంట్లో పెట్టండి, ఫొటో పిల్లలందరి ఫోన్లలో ఉంచండి. ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు, మందుల షాపు ఆయనకు చూపించండి. పన్ను పీకించుకోవడానికి పోయినా, కంటి ఆపరేషన్‌కు పోయినా మొదట ఆ కార్డే తీయాలి.

చదువు రాని పెద్దవాళ్ళకు కార్డు ఒక్కటే చాలదు, మాట కూడా నేర్పాలి. పెద్దమ్మకు నేర్పించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. సెఫ్ట్రియాక్సోన్ నోరు తిరగక "సెప్టాక్సను" అంటుంది. ఆమె కార్డు వక్కాకు సంచిలో ఉంటుంది. మొన్న మోకాళ్ళ నొప్పికి ఆస్పత్రికి పోతే, నర్సమ్మ ట్రే తెచ్చేలోపే సంచి విప్పి కార్డు బల్ల మీద పెట్టిందట. "నాకు సెప్టాక్సను పడదమ్మా, నువ్వు తెచ్చిందేందో పేరు చెప్పు" అని అడిగి, పేరు చెప్పాకే చేయి చాపిందట.